వెనక పల్టీ

ఆదివారం పొద్దున దేవిదాస్ స్కూటర్ తుడిచి రెడీగా నిలబడ్డాడు. ఎనిమిదేళ్ల దీపిక మాత్రం గడప మీంచి కదలడం లేదు.

"కడుపు నొస్తుందట," అంది భార్య సింధుజ, పిల్ల జడకు రబ్బరు బిగిస్తూ.

"పోయిన ఆదివారం గూడ గిట్లనే అన్నది. పల్టీ కొడితే గా నొప్పి అదే పోతది. నడువు!"

బాన్సువాడలో పిల్లల జిమ్నాస్టిక్స్ స్కూలు తెరిచినప్పుడు దీపిక కంటే ఎక్కువ సంబరపడింది దేవిదాసే. మూతపడ్డ రైస్ మిల్లు గోదాంలో నీలం పరుపులు పరిచి, దగ్గరలోని వర్ని నుంచి వచ్చే మాధురి మేడం నేర్పిస్తుంది. పిల్లలు గాలిలో తిరుగుతుంటే అతనికి తన ఎండాకాలాలు కళ్లముందు కదిలేవి. నిజాంసాగర్ కాలువ వంతెన మీంచి వెనక్కి పల్టీ కొట్టి నీళ్లలో పడేవాడు. ఒడ్డున స్నేహితులు గోపాల్, మోతీరాం ఈలలు వేసేవాళ్లు. తడి నిక్కరుతో కాలిన బండల మీద బోర్లా పడుకుంటే ఒంటికి ఎంత హాయి! ఆ తర్వాత పెళ్లి, ట్రాక్టర్ సామాన్ల దుకాణం. కాలువ వైపు చూసే తీరికే లేకపోయింది.

ఈమధ్య దీపిక వెనక పల్టీ దగ్గర ఆగిపోతోంది. ఒకసారి చేతులు జారి తల నేలకు తగిలినప్పటి నుంచీ అంతే.

"ఈరోజు వెనక్కి వంగితే చాలమ్మా," అంది మాధురి, గోదాంలో పరుపు పక్కన నిలబడి.

"వంగుడేంది మేడం? కొట్టుమనుండ్రి!" దేవిదాస్ గోడ పక్క నుంచి అరిచాడు. "నీ వయసుల నేను వంతెన మీదికెల్లి దుంకిన. ఏం భయమే నీకు?"

పిల్లలంతా తిరిగి చూశారు. దీపిక ముఖం కందిపోయింది.

"అయితే నువ్వే కొట్టు పో!" అని ఏడుస్తూ బయటికి పరిగెత్తింది.

మాధురి అతని దగ్గరకు వచ్చింది. "ఏమీ అనుకోకండి. మీ గొంతు వినగానే పిల్ల ఒళ్లు బిగుసుకుపోతోందండీ."

ఇంటికొచ్చాక దేవిదాస్ తాళంచెవులు విసిరికొట్టాడు. "ఇగ మాన్పిస్త! నా ధైర్యంల సగం గూడ రాలె దీనికి."

అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న అతని తల్లి పోసవ్వ తలెత్తింది.

"నీ ధైర్యమా? ఎవలు చెప్పిండ్రు రా?"

"ఏందే అవ్వా, నేను వంతెన మీదికెల్లి దుంకలేదా?"

"దుంకినవ్. అంతకుముందు ఎండకాలమంత గాడ నిలవడి ఏడ్సినవ్. మీ బాపు పొలంకెల్లి వచ్చి మెడ మట్టం నీళ్లల్ల నిలవడెటోడు. ఒక్కనాడన్న దుంకుమనలె. 'నేనీడనే ఉన్న, నీకు బుద్ధి పుట్టినప్పుడు రా' అనెటోడు. నువ్వు దుంకకుంటే భుజాల మీద ఎక్కించుకొని ఇంటికి తెచ్చెటోడు."

దేవిదాస్ అక్కడే కూలబడ్డాడు. ఇన్నేళ్లూ గాలిలో తిరిగిన తనే గుర్తున్నాడు. కింద బురదనీళ్లలో, తలకు తడి రుమాలుతో, రెండు చేతులూ చాచి నిలబడ్డ మనిషి ఇప్పుడు కనిపించాడు. ఆయన పోయి పదేళ్లు దాటింది. లేచి లోపలికి నడిచాడు.

లోపల దీపిక గోడవైపు తిరిగి పడుకుంది.

"తప్పైంది బిడ్డా. నాకు గూడ మస్తు భయమయ్యేది."

"నిజంగనా?" పిల్ల ఇటు తిరిగింది. "మరి కాలేదన్నవ్?"

"మర్చిపోయిన. నీకు ఇష్టం లేకుంటే మానేద్దాం."

దీపిక లేచి కూర్చుంది. "మానను. గని నువ్వు గోడ కాడికెల్లి గట్టిగ ఒర్రొద్దు."

మరుసటి ఆదివారం అతను గోదాం గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. దీపికే వచ్చి చెయ్యి పట్టి లాగింది. "మేడం, డాడీ గూడ పట్టుకుంటడు."

మాధురి నవ్వి, అతన్ని పరుపు మీద మోకాళ్లపై కూర్చోబెట్టి, తను రెండోవైపు కూర్చుంది. "నడుము కింద చెయ్యి ఆనించండి. నెట్టొద్దు, ఎత్తొద్దు. ఊరికే ఉంచండి, చాలు."

దీపిక వెనక్కి వంగింది. భయంతో మళ్లీ లేచింది. దేవిదాస్ చెయ్యి అక్కడే ఉంచాడు. ఇంకోసారి వంగింది. అరచేతులు పరుపుకు ఆనాయి, పాదాలు పైకి లేచాయి. పిల్ల బరువంతా ఒక్క క్షణం అతని అరచేతిలో వణికింది.

"ఇగ ఇడువు డాడీ!"

వదలడానికి అతనికే ధైర్యం చాలలేదు. మాధురి తలూపింది. అతను చెయ్యి తీసేశాడు.

చిన్నిపాదాలు గాలిలో తిరిగి అవతల పరుపు మీద వాలాయి. దీపిక తూలి, నిలదొక్కుకుంది.

"డాడీ, చూసినవా?"

"చూసిన బిడ్డా," అన్నాడు దేవిదాస్, కళ్ల నిండా నీళ్లతో ఏమీ కనిపించకపోయినా.