ఐదు తువ్వాళ్లు

ఓడ మీద నాలుగో రోజు పొద్దున డాక్టరమ్మకి మెలకువ వచ్చేసరికి తొమ్మిది కావస్తోంది. గుండ్రటి కిటికీలోంచి ఎండ పడుతోంది. పక్కన భర్త ఇంకా ముసుగుతన్ని పడుకునే ఉన్నాడు. ఏడేళ్ల కూతురు, ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే పిల్ల, అప్పటికే ఈత దుస్తులు వేసుకుని మంచం చివర ఎగురుతోంది.

"అమ్మా, తాతయ్య దగ్గరికి పోదామా? నిన్న కూడా పోలేదు."

"పోదాం తల్లీ. ముందు టిఫిన్ తినాలిగా. తర్వాత పదింటికి నాకు మసాజ్ ఉంది. అది అయిపోగానే."

"నిన్న కూడా అదే చెప్పావు."

"నిన్నటి సంగతి నిన్న. పద, జడ వేస్తాను."

ఆమె పళ్ల డాక్టరు. రోజంతా ఎవరో ఒకరి నోట్లోకి వంగి చూడటమే పని. ఇంటికొచ్చేసరికి మెడ కొయ్యబారిపోయి ఉంటుంది, ఇక ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. అమ్మానాన్నల పెళ్లయి నలభై ఏళ్లు నిండాయని ఈ ఐదు రోజుల ఓడ ప్రయాణం తనే పెట్టింది. "అందరం ఒక్కచోట ఉందాం నాన్నా, ఎవరి పనులూ ఉండవు" అని తనే ఊరించింది. తీరా ఓడెక్కాక నిద్ర ముంచుకొచ్చింది. నిద్ర వదిలితే మసాజు, మసాజు అయితే భర్తతో సినిమా. అమ్మానాన్నలు రాత్రి భోజనాల బల్ల దగ్గర మాత్రం కనబడుతున్నారు.

నాన్న కనబడితే ఆమెకి కొంచెం బెరుకు కూడా. ఆయన ముప్పై ఒక్క ఏళ్లు బస్సు కండక్టరు. ఉద్యోగం దిగి ఆరేళ్లయినా ఆ గొంతు మాత్రం దిగలేదు. ఓడ ఎక్కిన రోజే లిఫ్టు ముందు జనం తోసుకుంటుంటే, "ఆగండాగండి, ముందు దిగేవాళ్లని దిగనివ్వండి! బాబూ, లోపలికి జరగాలి, లోపలంతా ఖాళీయే!" అని కేకేశాడు. విచిత్రమేమిటంటే అందరూ బుద్ధిగా జరిగారు. డాక్టరమ్మ మాత్రం సిగ్గుతో ఫోన్‌లోకి తల దూర్చేసింది.

టిఫిన్ అయ్యాక పిచ్చుకని భర్తకి అప్పగించి ఆమె మసాజుకి బయల్దేరింది. దారి ఈత కొలను పక్కనుంచే. మెట్లెక్కుతుండగానే ఆ గొంతు వినబడింది.

"వస్తారండీ! మావాళ్లు వచ్చేస్తారు. ఇంకో పది నిమిషాలు."

"పొద్దుటి నుంచీ ఇదే పది నిమిషాలు!" అని ఇంకో గొంతు.

కొలను చుట్టూ కుర్చీలన్నీ నిండిపోయి ఉన్నాయి. నీడ పడే వరసలో మాత్రం ఐదు వాలు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, ఒక్కో దాని మీద ఒక్కో నీలం తువ్వాలు, ముడతలేకుండా పరిచి. ఆ వరస ముందు నాన్న నిలబడి ఉన్నాడు. ఎదురుగా గళ్ల చొక్కా మనిషి వేలు ఊపుతున్నాడు. పక్కన చేతికర్ర మీద ఆనుకుని ఒక పెద్దావిడ. డెక్కు మీద పనిచేసే ఉద్యోగిని మర్యాదగానే చెబుతోంది, "అయ్యగారూ, బోర్డు చూడండి. అరగంట దాటి ఖాళీగా ఉంటే తువ్వాళ్లు తీసేయాలండి. నిన్న, మొన్న కూడా మీకు చెప్పాను."

"తెలుసమ్మా, తెలుసు. కానీ..."

"తెలిసీ చేస్తున్నాడంటే ఏమనాలి?" అన్నాడు గళ్ల చొక్కా మనిషి చుట్టూ చూస్తూ. "పాపం ఈవిడ మోకాలి ఆపరేషన్ అయిన మనిషి. ఇరవై నిమిషాల నుంచి నిలబడి ఉంది. ఈయనేమో లేని మనుషులకి కాపలా!"

అందరూ చూస్తున్నారు. ఎవరో ఫోన్ కూడా పైకెత్తారు. డాక్టరమ్మకి చెవులు వేడెక్కాయి. గబగబా వెళ్లింది.

ఆమెని చూడగానే నాన్న మొహం విప్పారింది. "అదిగో, వచ్చింది! చెప్పానా? మా అమ్మాయి. డాక్టరు."

"నాన్నా, ఏంటిది?" అంది ఆమె, పళ్లు బిగించి. "ఎవరు వేయమన్నారు ఇన్ని తువ్వాళ్లు?"

ఆయన ఆమె కళ్లలోకి చూసి, తల దించుకుని పక్కనున్న తువ్వాలు అంచు సర్దాడు.

"ఇది నీ బస్సు కాదు నాన్నా, నీ ఇష్టమొచ్చినట్టు సీట్లు పంచడానికి. పెద్దావిడని నిలబెట్టి ఈ పంతమేంటి? ఎక్కడికి తీసుకెళ్లినా నా పరువు తీయాల్సిందేనా?" తర్వాత చుట్టూ ఉన్నవాళ్ల వైపు తిరిగి చేతులు జోడించింది. "ఏమనుకోకండి. ఆయనకి ఇలాంటి చోట్లు అలవాటు లేదు."

ఆ చివరి మాట అన్నాక, వెనక్కి తీసుకోవాలనిపించింది. కానీ అప్పటికే నాన్న వంగి మొదటి తువ్వాలు తీస్తున్నాడు. ఒక్కొక్కటీ దులిపి, అంచుకి అంచు కలిపి మడిచి, ఐదూ ఉద్యోగిని చేతిలో పెట్టాడు. పెద్దావిడతో "కూర్చోండమ్మా" అని ఒక కుర్చీ నీడలోకి ఇంకాస్త జరిపాడు. ఎవరి మొహమూ చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మసాజు గదికి వెళ్లే నడవాలో అమ్మ ఎదురైంది. ఒక చేతిలో అరటిపండు, ఇంకో చేతిలో మందుల డబ్బా, పరుగులాంటి నడక.

"ఎక్కడికమ్మా అంత హడావిడిగా?"

"మీ నాన్నకి బీపీ మాత్ర. నేను వెళ్తే గానీ వేసుకోరు. కుర్చీలు వదిలి కదలరుగా! పొద్దున ఐదున్నరకి వెళ్లిన మనిషి, కాఫీ కూడా నేనే మోశాను."

"ఐదున్నరకా? అసలీ కుర్చీల పిచ్చేంటమ్మా ఆయనకి? అక్కడ అందరూ కలిసి తిట్టిపోస్తున్నారు. నేనే వెళ్లి తీయించాను."

అమ్మ ఆగిపోయింది. "నువ్వు తీయించావా?"

"మరేం చేయమంటావు?"

"నువ్వే కదే పట్టమన్నావు!" అంది అమ్మ. "ఎక్కిన రోజు రాత్రి భోజనాల దగ్గర నువ్వే అన్నావు కదా. 'నాన్నా, నువ్వెలాగూ తెల్లారకముందే లేస్తావు, కొలను పక్కన నీడలో ఐదు కుర్చీలు పట్టి ఉంచు, పొద్దున్నే వచ్చేస్తాం, అందరం కూర్చుని కబుర్లు చెప్పుకుందాం' అని. మర్నాడు రాలేదు. రాత్రి అడిగితే 'రేపు తప్పకుండా' అన్నావు. నిన్నా అంతే. నేను చెబుతూనే ఉన్నా, అది మాటవరసకి అంది, మీరు ఊరికే అక్కడ ఎండిపోకండి అని. వింటేగా! 'మనమ్మాయి వచ్చేసరికి చోటు లేకపోతే ఎలా?' అంటారు."

డాక్టరమ్మకి ఆ రాత్రి గుర్తొచ్చింది. నిజమే. అన్నది. ఫోన్‌లో ఏదో చూసుకుంటూ అన్నది. మర్నాడు కూడా అలాగే అన్నది. నోటి చివరి నుంచి రాలిన ఆ రెండు మాటలు పట్టుకుని నాన్న మూడు రోజులు పొద్దున్నే కాపలా కాశాడు. అందరి ముందూ తను 'ఎవరు వేయమన్నారు' అని గద్దిస్తే, 'నువ్వే' అన్న ఒక్క మాట ఆయన నోట రాలేదు.

"మాత్ర ఇలా ఇవ్వమ్మా," అంది. అరటిపండు కూడా లాక్కుంది.

నాన్న గదిలో లేడు. టిఫిన్ల హాల్లో లేడు. ఆమె మూడు అంతస్తులు ఎక్కి దిగింది. చివరికి ఓడ వెనక వైపు, లావుపాటి తాళ్లు చుట్టి పెట్టిన చోట కనబడ్డాడు. ఒంటి చేత్తో ఇనుప స్తంభం పట్టుకుని, కాళ్లు కొంచెం ఎడంగా పెట్టి, కదిలే బస్సులో నిలబడ్డట్టే నిలబడి ఉన్నాడు. కింద నీళ్లు తెల్లగా చీలిపోతున్నాయి.

"నాన్నా, మాత్ర."

ఆయన తీసుకుని నోట్లో వేసుకున్నాడు. ఆమె అరటిపండు ఒలిచి ఇచ్చింది.

"అమ్మ చెప్పింది నాన్నా. నేనే అడిగానని. నాకు... అసలు గుర్తే లేదు."

"పోనీలే తల్లీ. వాళ్లన్నదీ తప్పు కాదు." ఆయన సముద్రం వైపే చూస్తున్నాడు. "బస్సులో కిటికీలోంచి రుమాళ్లు విసిరి సీట్లు ఆపుకునేవాళ్లు. నేనే ఎన్ని తీయించానో! రుమాలు వేసినంత మాత్రాన సీటు నీదైపోదు బాబూ, నిలబడ్డ మనిషిని చూడు అని ముప్పై ఏళ్లు అందరికీ పాఠం చెప్పినవాణ్ణి. ఇవాళ ఆ పెద్దావిడ ముందు నిలబడితే నాకే తలకొట్టేసినట్టయింది."

"మరి తెలిసీ ఎందుకు వేశావు నాన్నా?"

పండు తొక్కని జాగ్రత్తగా మడిచాడు.

"నువ్వు అడిగావు కదా," అన్నాడు. "చిన్నప్పుడు రోజుకి నూరు అడిగేదానివి. డాక్టరయ్యాక నాకు కావాల్సినవన్నీ నువ్వే చూస్తున్నావు. కళ్లజోడు, మందులు, ఇదిగో ఈ ఓడ. నన్ను మాత్రం నువ్వు ఏదీ అడగవు. అడిగి ఎన్నేళ్లయిందో తెలుసా? ఐదు కుర్చీలు అడిగావు. అదైనా చేయలేనా అనిపించింది."

డాక్టరమ్మ ఆయన భుజానికి నుదురు ఆనించి ఏడ్చేసింది. పక్కనుంచి పోతున్న జంట ఒకటి వింతగా చూసింది. చూస్తే చూడనీ అనుకుంది. ఆయన స్తంభం వదిలి, కూతురి తల మీద చెయ్యి వేశాడు.

"అరే, ఊరుకో. డాక్టరువి. ఎవరైనా చూస్తే నేను పన్ను పీకాననుకుంటారు."

ఆమెకి ఏడుపులోనే నవ్వొచ్చింది. కళ్లు తుడుచుకుని ఆయన చెయ్యి పట్టుకుంది. "నాతో రా."

"ఎక్కడికి? ఆ కొలను దగ్గరికా? వద్దులే అమ్మా."

"రావాలి నాన్నా. అడుగుతున్నాను."

ఇక ఆయన కాదనలేదు.

కొలను దగ్గర గళ్ల చొక్కా మనిషి నిమ్మరసం తాగుతున్నాడు. పెద్దావిడ కాలు చాపుకుని కూర్చుని ఉంది. డాక్టరమ్మ ఆమె ముందుకెళ్లి, అక్కడున్న నలుగురికీ వినబడేలాగే చెప్పింది. "అమ్మా, ఇందాక తప్పు నాది. కుర్చీలు పట్టమని అడిగింది నేను. వస్తానని మూడు రోజులుగా రానిదీ నేనే. మా నాన్న నా మాట నిలబెట్టడానికి మీ అందరి చేతా మాటలు పడ్డాడు. ఆయనకి అలవాటు లేదన్నాను. ఆ మాటా తప్పే. పదిమంది మధ్య ఎలా మసలుకోవాలో ఆయనకి తెలిసినంత నాకు తెలియదు."

గళ్ల చొక్కా మనిషి గ్లాసు కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు. "నేనూ కాస్త నోరు జారానండీ," అని లేచి తన కుర్చీ చూపించాడు. "మీరు కూర్చోండి. నేనెలాగూ నీళ్లలో దిగుతాను."

పెద్దావిడ మాత్రం నాన్ననే చూస్తోంది. "మీరేనా లిఫ్టు దగ్గర కేకేసింది? మీ పుణ్యమా అని ఆ రోజు ఒక్కదాన్నే హాయిగా దిగానండీ. ఏ ఉద్యోగం చేసేవారు?"

అంతే. నాన్న గళ్ల చొక్కా ఆయన వదిలిన కుర్చీలో కూర్చుని మొదలుపెట్టాడు. బస్సులో పుట్టిన పిల్ల కథ, చిల్లర బదులు కోడిపిల్లనిచ్చిన మనిషి కథ. డాక్టరమ్మ వాటిలో ఒక్కటీ ఎప్పుడూ వినలేదు. పక్క కుర్చీ ఖాళీ అయితే అందులో కూర్చుంది. అమ్మ వచ్చింది. భర్తా పిచ్చుకా వచ్చి కొలను గట్టు మీద కాళ్లు నీళ్లలో పెట్టుకుని చేరారు. మసాజు సంగతి ఆమెకి గుర్తే లేదు.

మధ్యలో ఒకావిడ చంటిబిడ్డని ఎత్తుకుని వచ్చి చుట్టూ వెతుక్కుంటూ ఆగింది. "ఈ కుర్చీ మీదేనాండీ?"

"కాదండీ. కూర్చోండి," అంటూ డాక్టరమ్మ లేచింది.

నాన్న కథ ఆపాడు. కాళ్లు దగ్గరికి లాక్కుని, తన కుర్చీ చివర అరచేత్తో తట్టాడు.

"ఇటు రా తల్లీ. జరిగితే ఇద్దరికి సరిపోతుంది."