తెర లోపలి తలుపు

పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేసే ఆ ఇల్లాలి కంప్యూటర్ తెర మీద సూది మోపే సందు ఉండేది కాదు. ఎవరి పెళ్ళి ఫొటోలు ఎక్కడున్నాయో వెతికేసరికి తల ప్రాణం తోకకొచ్చేది. ఒకసారి ఒకరి ఆల్బమ్‌లో ఇంకొకరి మావగారిని పెట్టేసి చీవాట్లు కూడా తింది. అది చూడలేక మరిది ఒక కొత్త సాఫ్ట్‌వేర్ వేసిచ్చాడు. దాంతో డెస్క్‌టాప్ అంతా ఒక త్రీడీ ఇల్లయిపోతుంది. గదుల్లో తిరగొచ్చు, ఫైళ్ళను డబ్బాల్లో వేసి అరల్లో సర్దుకోవచ్చు.

ఇంకేం, ఆవిడ ఆల్బమ్‌లు పక్కన పడేసి ఇల్లు కట్టడం మొదలెట్టింది. సొంతింటికి ఫొటోలు తీసి ఆ గోడలకు అతికించింది. అదే లేతాకుపచ్చ రంగు, అవే గళ్ళ కర్టెన్లు, మంచం పక్కన అదే చెక్క అలమర. నాలుగేళ్ళ కూతురి ఫొటోలన్నీ ఒక ఎర్ర డబ్బాలో వేసి ఆ అలమర పై అరలో పెట్టింది. నచ్చనిదల్లా ఒక్కటే. పడగ్గది చివర సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చిన నల్ల తలుపొకటి ఉంది. అసలింట్లో అక్కడ ఉన్నది వట్టి గోడ. ఎన్నిసార్లు చెరిపినా ఆ తలుపు పోలేదు. పోనీలే, బొమ్మే కదా అని వదిలేసింది.

కొన్నాళ్ళకు ఎర్ర డబ్బా కింది అరలో కనిపించింది. తీసి పైన పెట్టింది. మర్నాడు నేల మీద ఉంది. మళ్ళీ పైన పెట్టింది. ఆ మర్నాటికి నల్ల తలుపు వైపు ఇంకాస్త జరిగింది. కూతురే మౌస్‌తో ఆడుతోందని గట్టిగా కేకలేసింది. పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుని, "నేను కాదమ్మా. ఆ తలుపు వెనక పాప" అంది. ఆ రాత్రి కూడా తల్లి చెవి పట్టుకునే నిద్రపోయింది. నిద్రొచ్చినా, భయమేసినా ఆ పిల్లకు అమ్మ చెవి కావాల్సిందే. అనవసరంగా తిట్టానే అని తల్లికి మనసు చివుక్కుమంది.

ఒకరోజు సాయంత్రం నుంచే ముసురు పట్టింది. భర్త ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. పిల్ల పక్కగదిలో ఆడుకుంటోంది. కిటికీ రేకు మీద ఆగకుండా చినుకుల చప్పుడు. గదంతా తడిసిన గోడల వాసన. ఆవిడ కంప్యూటర్ ముందు కూర్చుని తెర మీది పడగ్గదిలోకి వెళ్ళింది.

ఎర్ర డబ్బా నల్ల తలుపును ఆనుకుని ఉంది.

తలుపు ఓరగా తెరిచి ఉంది.

మరిదికి ఫోన్ చేసింది. ఎందుకో గొంతు దానంతటదే తగ్గిపోయింది.

"ఆ చివరి తలుపు తెరుచుకుంటుందా?"

"లేదు వదినా. గోడ మీద బొమ్మంతే. దాని వెనక గదే లేదు."

ఆవిడ చూస్తుండగానే డబ్బా లోపలికి జరిగింది... ఫోన్ పడేసి మౌస్‌తో దాన్ని పట్టి లాగింది. అటు నుంచి ఎవరో గుంజుతున్నారు. అరచేతి కింద మౌస్ బల్ల మీద ముందుకు జారిపోతోంది... పళ్ళు బిగబట్టి డబ్బాను ఇవతలికి లాగేసింది. తలుపు మీద నొక్కితే, ఎప్పుడూ లేనిది, 'తాళం వెయ్యి' అని కనిపించింది. ముందూ వెనకా చూడకుండా వేసేసింది. హమ్మయ్య అనుకుంది.

డబ్బా తెరిచింది.

ఉయ్యాల ఫొటోలో ఉయ్యాల ఉంది. పిల్ల లేదు. ఇసుక ఫొటోలో చిన్న చెప్పులున్నాయి. పిల్ల లేదు. ఇంకోదాంట్లో తను ఒళ్ళోకి చూసి నవ్వుతోంది... ఒడి ఖాళీ.

గబుక్కున కూతుర్ని పిలిచింది. పక్కగదిలో ఆటల చప్పుడు ఆగింది. పిల్ల నెమ్మదిగా నడిచొచ్చి ఒళ్ళో కూర్చుంది. ఆవిడకు పోయిన ప్రాణం లేచొచ్చింది. గట్టిగా కావలించుకుంది. వానకేమో, పిల్ల ఒళ్ళు చల్లగా ఉంది.

అప్పుడు స్పీకర్‌లో చప్పుడైంది. చిన్న చేత్తో చెక్కను కొడుతున్నట్టు... ఆవిడ స్పీకర్ వైరు పీకేసింది. చప్పుడు ఆగలేదు.

"అమ్మా... ఇక్కడ చీకటిగా ఉంది. నీ చెవి ఏదీ?"

కూతురి గొంతే. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయింది.

ఆవిడ మౌస్‌ను నల్ల తలుపు తాళం మీదికి జరిపింది. బయట ఉరిమింది. ఉరిమితే చాలు చెవి పట్టుకునే పిల్ల, రెండు చేతులూ ఒళ్ళో ముడుచుకుని, రెప్ప వెయ్యకుండా తెరనే చూస్తోంది.

"తియ్యకమ్మా" అంది మెల్లగా.