కిషన్ తీసిన చీటీ

"వాగు ఎంత లోతుంటది?"

ఆమె అడిగిన మొదటి మాట అది. నేను జవాబు చెప్పేలోపే మిగతావి వరసగా వచ్చిపడ్డాయి.

"దవాఖాన ఎంత దూరం? దోమలుంటయా? పిల్లలు ఏడ పండుకుంటరు?"

"మేడమ్, మనం పోయేది సెలవులకు. యుద్ధానికి కాదు," అన్నాను.

గదిలో అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"పిల్లల్ని తీస్కపోయెటోళ్లకు రెండూ ఒక్కటే, డ్రిల్లు సారూ."

ఈసారి అందరూ నన్ను చూసి నవ్వారు.

అది 1992 మే నెల. సిద్దిపేటలో మా గల్లీ నుంచి ఐదిండ్ల వాళ్లం ప్రతి ఎండాకాలం పిల్లలతో కలిసి వారం రోజులు ఎటైనా వెళ్లేవాళ్లం. గుట్టలెక్కడం, వాగుల్లో ఈత, ఆరుబయట వంట, కాళ్లు నొచ్చేదాకా నడక. నేను ఒక ప్రైవేటు బడిలో డ్రిల్లు మాస్టర్ని కాబట్టి ఏర్పాట్లన్నీ నావి. వ్యాను అన్సార్‌భాయిది. ఎటు పోవాలన్నదే ఏటా పెద్ద పంచాయితీ. అందుకని పెద్దలు ఒక పద్ధతి పెట్టారు. మూడు జాగల పేర్లు మూడు చీటీల మీద రాసి, మా ఇంట్లో హనుమంతుని పటం ముందు ఇత్తడి గిన్నెలో వేసి, ఒక పిల్లవాడితో తీయించేవాళ్లు. తీసిన తర్వాత ఇక మాట లేదు.

"హనుమంతుడు చెప్పినా, అల్లా చెప్పినా, గుంతల్ల బండి నడిపేది నేనే గదా," అనేవాడు అన్సార్‌భాయి.

రాజలింగం మామ కుటుంబం ఆ యేడే మా గల్లీకి వచ్చింది. ఆయనకు బట్టల దుకాణం. ఆ ప్రశ్నలు వేసింది ఆయన బిడ్డ యాదలక్ష్మి, సంగారెడ్డిలో నర్సు ట్రైనింగు చేస్తూ సెలవులకు ఇంటికొచ్చింది. ఆమె తర్వాత పద్నాలుగేండ్లకు, ఎన్నో మొక్కులు మొక్కితే పుట్టినవాడు తమ్ముడు కిషన్. వాడికి ఏడేండ్లు.

ఆ యేటి మూడు పేర్లు: నాగార్జునసాగర్, అనంతగిరి గుట్టలు, ఏటూరునాగారం అడవి.

"చిన్న పిల్లలున్నరు. అనంతగిరి మంచిగుంటది," అంది యాదలక్ష్మి. "నడకుంది, గుట్టలున్నయ్, ఏమన్నయితే జల్దిన దవాఖానకు పోవచ్చు. ఏటూరునాగారం దిక్కు మలేరియా ఎక్కువని మా ట్రైనింగుల చెప్పిన్రు."

"చీటీ ఎటంటే అటు," అన్నాడు రాజలింగం మామ.

చీటీలు రాయడానికి నేను లోపలి గదిలోకి పోయాను.

అనంతగిరిలో ఆడవాళ్లకు ఒక సత్రం, మగవాళ్లకు ఇంకో సత్రం. సాగర్‌లోనూ అంతే. అడవిలో అయితే అందరూ పడుకునేది ఒకటే బడి వరండా, నడిచేది ఒకటే తోవ. ఏడు రోజులు ఆమె నడిచే తోవలోనే నేనూ నడవొచ్చు. నా మనసులో ఉన్నది అంతే. అప్పటికి ఆమెను చూసి గంట కూడా కాలేదు.

మూడు చీటీల మీదా ఏటూరునాగారం అనే రాశాను.

పొద్దున స్నానం చేసి అదే పటానికి సింధూరం పెట్టినవాణ్ణి. ఇది ఏం పని అని చెయ్యి ఒక్కసారి ఆగింది కూడా. పిల్లలకు అడవే నచ్చుతుందిలే అని సర్దిచెప్పుకున్నాను.

కిషన్‌ను పిలిచారు. వాడు సిగ్గుపడి తల్లి పద్మమ్మ కొంగు వెనక దాక్కున్నాడు. ఆమె నవ్వుతూ వాడి మణికట్టు పట్టుకుని గిన్నెలో చెయ్యి పెట్టించింది.

"ఏ... టూ... రు... నా... గా... రం," అని వాడు కూడబలుక్కుని చదివాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మిగిలిన రెండు చీటీలూ నేను జేబులో వేసుకుని, అందరూ వెళ్లాక పొయ్యిలో పడేశాను.

యాదలక్ష్మి "దేవుడే అన్నంక నేనేమంటా," అంది. "దోమతెరలు మాత్రం మర్సిపోకున్రి."

మరిచిపోలేదు. అందరికీ సరిపడా తెచ్చాను.

ఆ ఏడు రోజుల గురించి రాయడానికి ఇప్పటికీ నాకు భయమే. ఎందుకంటే అవి చాలా బాగున్నాయి.

రెండో రోజు అకాల వాన. యాదలక్ష్మి ఒక టేకు ఆకు తెంపి తల మీద పెట్టుకుంది. అది గొడుగంత ఉంది. నేనూ ఒకటి తెంపబోతే, "మీకెందుకు? యుద్ధానికి వచ్చిన్రా?" అంది. మొదటిసారి నవ్వింది. నవ్వితే చెక్కిలి మీది వాన చినుకు తోవ మార్చుకుని జారింది.

కిషన్ ఎప్పుడూ నా భుజాల మీదే ఉండేవాడు.

"అక్కా! సారు నీ దిక్కే చూస్తుండు, తోవ చూస్తలేడు. ఇద్దరం పడ్తం!"

"పడనియ్‌రా. కట్టు కట్టుడు నాకొస్తది."

"నాకు కూడ కడ్తవా?"

"నీకు ముందు కడ్త. సారుకు మిగిలితే."

రాత్రి తెరలు కట్టి పడుకోబెట్టేవాళ్లం. సందెవేళ మాత్రం పిల్లలు వాగు ఒడ్డు వదిలేవాళ్లు కాదు. నీళ్లలో కాళ్లు పెట్టి కూర్చునేవాళ్లు. దోమలు కుట్టేది ఆ వేళనే అని ఆమె చెప్తూనే ఉంది. నేను నవ్వుతూనే ఉన్నాను.

తిరిగొచ్చిన పదకొండో రోజు కిషన్‌కు జ్వరం వచ్చింది.

అప్పటికి యాదలక్ష్మి సంగారెడ్డికి వెళ్లిపోయింది. కొత్త వానల్లో ఆడాడు, మామూలు జ్వరమే అనుకున్నారు ఇంట్లో. అదే నాలుగు రోజుల్లో తగ్గుతుందనుకున్నారు. మూడో నాడు ఫిట్స్ వచ్చాయి. అన్సార్‌భాయి వ్యానులో హైదరాబాదు తీసుకుపోయాం. దారి పొడుగునా వాడి తల నా ఒళ్లోనే ఉంది. మెదడుకెక్కిన మలేరియా అని చెప్పారు. మర్నాడు పొద్దున ఏడు గంటలకు వాడు పోయాడు.

యాదలక్ష్మి వచ్చేసరికి దుప్పటి కప్పేశారు. ఆమె ఏడవలేదు.

"ఎన్ని దినాలాయె జరమొచ్చి? నాకెందుకు చెప్పలే?" అని అడిగింది.

ఆ తర్వాత నెలకోసారి ఆమె ఇంటికి వచ్చిపోతుంటే బస్టాండు దాకా సంచి మోసేవాణ్ణి. ఎవరూ వద్దనలేదు. ఆ నడకల్లోనే, పెద్దగా మాటలు లేకుండానే, ఇద్దరం దగ్గరయ్యాం. ఎప్పుడు 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందో కూడా గుర్తులేదు.

ఒకనాడు ఉండబట్టలేక, "నా మీద నీకు కోపం లేదా?" అని అడిగాను.

"నీ మీదెందుకు? నువ్వు మూడు పేర్లు రాసినవ్. అండ్లకెల్లి ఒకటి దేవుడు తీపిచ్చిండు. కోపముంటే ఆయన మీదనే ఉండాలె."

అప్పుడే చెప్పాల్సింది. బస్సు కదిలిపోయింది. నేను ఆ మాట చాటున దాక్కుని ఇంటికొచ్చాను. చెప్తే ఆమె పోతుంది. చెప్పకపోతే ఉంటుంది. ఎనిమిది నెలలు నేను రోజూ ఆ లెక్కే వేసుకుంటూ, రోజూ ఆ పటానికే దండం పెట్టాను.

మరుసటి మాఘంలో మా అమ్మ ప్రమీలాదేవి పండ్లూ పూలూ పట్టుకుని రాజలింగం మామ ఇంటికి సంబంధం అడగడానికి వెళ్లింది. వెంట నేనూ ఉన్నాను. మామ తల ఊపాడు. యాదలక్ష్మి తలుపు పక్కన నిలబడి నేల చూస్తోంది. చాలా నెలల తర్వాత ఆమె ముఖంలో కొంచెం వెలుగు చూశాను.

"వదినె కూడ ఒక మాట అంటే..." అంది అమ్మ.

పద్మమ్మ గోడకు ఒరిగి కూర్చుని ఉంది. కొడుకు పోయినప్పటి నుంచి ఆమె ఏ దేవునికీ మొక్కలేదని గల్లీ అంతటికీ తెలుసు.

"చేయున్రి. నా బిడ్డ సల్లగుంటే చాలు," అంది. "అక్షింతలు మాత్రం నేను వెయ్య."

"అదేం మాట వదినె! కన్నతల్లివి."

"ఈ చెయ్యితోని వెయ్య." ఆమె తన కుడిచేతిని ఒళ్లోంచి ఎత్తి, ఎవరిదో అన్నట్టు చూసింది. "పోరడు సిగ్గుపడి ఎనుకకు పోతుంటే నేనే పట్టి గిన్నెల పెట్టిచ్చిన. వేరే చీటీ తీస్తే బతుకుతుండె. నా కొడుకు సావును వాని చేతనే తీపిచ్చిన."

ఆ ఇంట్లో ఎనిమిది నెలలుగా ఏం జరుగుతోందో నాకు అప్పుడు తెలిసింది. ఆమె కోపం దేవుని మీద అనుకున్నాను. కాదు, తన చేతి మీద. నేను నోరు మూసుకుంటే పెండ్లి అవుతుంది. ఆ చెయ్యి మాత్రం చచ్చేదాకా ఆమెను కాలుస్తూ ఉంటుంది.

"అత్తమ్మా," అన్నాను. "వేరే చీటీ లేకుండె. మూడిట్ల ఏటూరునాగారమే రాసిన నేను."

అమ్మ చేతిలోని పళ్లెం చప్పుడైంది. రాజలింగం మామ లేచి నిలబడ్డాడు. "నడువ్ బయటికి," అన్నాడు. చెయ్యెత్తాడు కూడా.

"ఆగు," అంది పద్మమ్మ. మోకాళ్ల మీద నా దగ్గరికి జరిగి వచ్చింది. "మల్ల చెప్పు."

"మూడు ఒక్కటే అత్తమ్మా."

"ఏది తీసినా గదే వస్తుండెనా?"

"గదే వస్తుండె. నువ్వు చెయ్యి పట్టకున్నా, వేరే పిల్లగాడు తీసినా గదే. మీ చేతుల తప్పేం లేదు. అంత నాదే."

ఆమె తన చేతిని మెల్లగా మరో చేతిలోకి తీసుకుంది. తర్వాత ఆమె పెట్టిన ఏడుపు గల్లీ చివరిదాకా వినిపించిందని చెప్పారు. కొడుకు పోయిననాడు కూడా ఆమె అట్లా ఏడవలేదు.

యాదలక్ష్మి తలుపు దగ్గర్నుంచి కదల్లేదు.

"ఎందుకు రాసినవ్?"

"నువ్వు నడిచే తోవల నడువాలని."

ఆమె తలెత్తి నన్ను చూసింది. "అడిగితే వస్తుంటి గద," అంది. "నడుద్దామా అని ఒక్క మాట అడిగితే, అనంతగిరిల కూడ నీతోని నడుస్తుంటి గద."

తలుపు మూసుకుంది.

గిన్నెలో లేని పేరును దేవుడు మాత్రం ఎట్లా తీస్తాడు? అది నాకు తెలుసు. అయినా, నా చెయ్యి ఒక్కసారి ఆగినప్పుడు ఆయన ఇంకొంచెం గట్టిగా ఎందుకు పట్టుకోలేదని అడుగుతుంటాను. ఇప్పటికీ దీపం పెట్టినప్పుడల్లా అడుగుతాను. జవాబు రాదు. దీపం పెట్టడం మానలేదు, అడగడమూ మానలేదు.

గల్లీవాళ్లు ఆ తర్వాత ఎటూ పోలేదు. యాదలక్ష్మి ట్రైనింగు అయిపోయాక అందరూ వద్దంటున్నా ఏటూరునాగారం అవతల ఒక గూడెంలో పని కోరి తీసుకుంది. జ్వరాలకు మందులివ్వడం, నెత్తురు పరీక్షకు పంపడం. ఏడాదిన్నర గడిచింది.

దసరా సెలవులకు ముందు పద్మమ్మ నన్ను గల్లీలో ఆపింది.

"నిన్ను జూస్తే నా కడుపు మండుతది," అంది. "అది సల్లారది. కాని అబద్ధం మీద నా బిడ్డ కాపురం పెట్టలే నువ్వు. గా అడవిల ఒక్కతే ఉంటది. పో. ఎట్లుందో సూసి రా. మీ మామతోని నేను మాట్లాడిన."

బస్సు ఆగినచోట నుంచి ఆరు మైళ్లు నడిచాను. యాదలక్ష్మి ఒక చిన్న గది ముందు బల్ల వేసుకుని కూర్చుంది. చిక్కిపోయింది. ముందర ఇద్దరు ముసలోళ్లు ఉంటే వాళ్ల వెనక వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. తలెత్తింది. చేతిలో కలం ఒక్క క్షణం ఆగింది.

"పేరు?"

"విశ్వేశ్వర్."

"వయసు?"

"ఇరవై ఎనిమిది."

"జరముందా?"

"లేదు."

"మరెందుకొచ్చిన్రు?"

"అడుగుదామని. అప్పుడు అడగలే."

ఆమె నా వేలు పట్టుకుని సూదితో పొడిచింది. గాజు పలక మీద నెత్తురు చుక్క రాసింది.

"నొచ్చిందా?"

"లేదు."

"నొయ్యాలె," అంది. తర్వాత, అదే గొంతుతో, "రిజల్టు వచ్చుటానికి వారమైతది. అప్పటిదాంక ఊరు దాటొద్దు. పోశయ్యతాత ఇంట్ల జాగుంటది. ఆయనకు చెవుడు, గట్టిగ మాట్లాడున్రి."

ఉన్నాను. పొద్దున ఆమె మందుల డబ్బా మోసేవాణ్ణి. ఆమె ముందు, నేను వెనక. ఒకనాడు ఒక పిల్లవాడి జ్వరం దిగితే, వాడి నుదుటి మీద చెయ్యి పెట్టి ఆమె అక్కడే కూర్చుని ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. లేచి పొమ్మనలేదు.

రెండు వారాలు గడిచాయి. సెలవులు అయిపోవచ్చాయి.

"నా రిజల్టు ఇంకా రాలేదా?" అని అడిగాను.

"వచ్చి ఎనిమిది దినాలాయె. ఏం లేదు నీకు."

"మరి చెప్పలే?"

ఆమె డబ్బా మూత పెట్టి, ఆ మూత మీదే చెయ్యి ఉంచింది.

"చెప్తే పోతవని," అంది.

ఆ మాట తనకే వినబడ్డట్టు ఉలిక్కిపడి నా దిక్కు చూసింది. కండ్ల నిండా నీళ్లున్నాయి.

"గింత దానికి మనిషి ఎంత పని చేస్తడో సూడు," అంది.