నిన్నటి ముగ్గు

రాజ్యలక్ష్మమ్మ వాకిలి ఊడుస్తూ ఊడుస్తూ చటుక్కున ఆగిపోయింది. డిటెక్టివ్ రాఘవేంద్రప్రసాద్‌నూ, అతని అసిస్టెంటు ఉదయశ్రీనీ జమ్మలమడుగు నుంచి తెచ్చిన జీపు వెనక్కి మళ్లింది. అది వంకర్లు తిరుగుతూ గుట్ట దిగి కనుమరుగయ్యేదాకా ఆమె చీపురు చంకలో పెట్టుకుని నిలబడే ఉంది. ఆ తర్వాతే మిగిలిన సగం వాకిలి ఊడ్చింది.

"ఎందుకమ్మా ఆపినారు?" అంది ఉదయశ్రీ.

"మన వాకిట్లోంచి మనిషి బయల్దేరితే, కంటికి కనపడకుండా పోయిందాకా కసువు ఊడ్వగూడదు పాపా. మా అవ్వ నేర్పింది. జీపోడైనా ఒక తల్లికి బిడ్డే గదా!" అని నవ్విందామె. ఆ నవ్వు ఉదయశ్రీకి ఎంతో నచ్చింది.

ఇంటాయన వీరభద్రయ్య వాళ్లను లోపలికి తీసుకుపోయాడు. గండికోట చూడవచ్చే వాళ్లకు ఆ ఇంట్లోనే బస, భోజనం. కోట, పెన్న లోయ, మైలవరం జలాశయం, బెలుం గుహలు తిప్పి చూపించేది ఇలియాస్. మూడు రోజుల కిందట, బెంగళూరు నుంచి వచ్చిన నంజుండయ్య కెమెరా అతని గదిలోంచి మాయమైంది.

"ఇలియాస్ నా చేతుల్లో పెరిగినోడు సార్. వాడు తియ్యడు," అన్నాడు వీరభద్రయ్య. "ఈయనేమో రేపు పోలీసు కేసు పెడతానంటాండాడు. ఆ మచ్చ పడితే వాని ఎనక ఎవురు నడుస్తారు కొండల్లో? మీరే వాణ్ని కాపాడల్ల."

పక్కనే కూర్చున్న నంజుండయ్య ముఖం చిట్లించాడు. "నేనూ ఊరికే అనడం లేదు. రాత్రి పడుకునేటప్పుడు కెమెరా బల్ల మీదే ఉంది. తలుపు గడియ వేయలేదు, నాదే తప్పు. పొద్దున కోటకు బయల్దేరదామని లేచి చూస్తే లేదు. అప్పటికి ఇంటికి వచ్చిన బయటి మనిషి ఇలియాస్ ఒక్కడే."

"ఆ రాత్రి ఇంట్లో ఎవరెవరున్నారు?" అడిగాడు ప్రసాద్.

"నేను నాపరాళ్ల కోసం బేతంచెర్లకు పోయింటి," అన్నాడు వీరభద్రయ్య.

"ఈ సారూ, నేనూ. అంతే," అంది రాజ్యలక్ష్మమ్మ. "మా కొడుకు జ్ఞానేశ్వర్ ముందునాటి సాయంత్రమే తాడిపత్రికి పోయినాడు. ఫోటో స్టూడియోలో పని నేర్చుకుంటాండాడు."

మధ్యాహ్నం ఇలియాస్ వాళ్లను కోటలోకి తీసుకుపోయాడు. కూలిన బురుజులు, ధాన్యాగారం, మసీదు దాటి లోయ అంచుకు చేరారు. ఎర్రటి బండల గోడల మధ్య, ఎంతో కింద, పెన్న సన్నగా పారుతోంది. ఉదయశ్రీకి కళ్లు తిరిగాయి.

"చెయ్యి పట్టుకోండి మేడమ్. దొంగ చెయ్యని జంకితే లోయలో పడతారు," అన్నాడు ఇలియాస్. నవ్వబోయి ఆమె నవ్వలేకపోయింది.

"ఆ పొద్దు ఏం జరిగింది?" అన్నాడు ప్రసాద్.

"సారుకు ఈడ పొద్దు పొడిచేది చూపిద్దామని మసక మసకగా ఉన్నప్పుడే వచ్చినా. దినామూ నేనొచ్చేసరికి అమ్మ వాకిలి చిమ్మి, కొత్త ముగ్గేసి ఉంటాది. తొక్కకుండా పక్కకు తప్పుకొని పోతా. ఆ పొద్దు నిన్నటి ముగ్గే ఉండె. అమ్మ చీపురు పట్టుకోని దారిదిక్కు చూస్తా నిలబడుకోనుండె. నేను లోపలికి పోయిన శానాసేపటికి చీపురు చప్పుడు ఇనపడింది."

"దారిలో నీకెవరైనా ఎదురుపడ్డారా?"

ఇలియాస్ లోయవైపు తిరిగాడు. "లేదు సార్. అదో, ఆ మెరిసేది మైలవరం నీళ్లు."

తిరిగి వస్తుంటే, మంచి మాట ఒకటి చెబుతున్నానన్న సంతోషంతో, పొద్దున రాజ్యలక్ష్మమ్మ చీపురు ఆపిన సంగతి ఉదయశ్రీ ప్రసాద్‌కు చెప్పింది. అతను నడక ఆపేశాడు. "నువ్వు ఎంత చెప్పావో నీకు తెలియదు," అన్నాడు మెల్లగా. అతని ముఖం చూశాక, చెప్పకుండా ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది.

సాయంత్రం దీపాల వేళ. మరోసారి వాకిలి ఊడ్వబోతున్న రాజ్యలక్ష్మమ్మను కూడా ప్రసాద్ హాల్లోకి పిలిచాడు.

"ఆ పొద్దున నంజుండయ్య గారు గది దాటలేదు. ఇలియాస్ వచ్చాడే గానీ పోలేదు. అయినా అమ్మ చీపురు పట్టుకుని ఊడ్వకుండా నిలబడింది. బయల్దేరిన మనిషి కనుమరుగయ్యేదాకా ఆమె ఊడ్వదు. అంటే ఇలియాస్ వచ్చేసరికి ఎవరో గుట్ట దిగుతున్నారు. రాత్రి ఇంట్లో ఇద్దరే ఉన్నారంటే, ఆ మూడో మనిషి ఎవరమ్మా?"

రాజ్యలక్ష్మమ్మ చేతిలో చీపురు జారింది.

"ఆమె దాచిందంటే అది కన్నకొడుకు కోసమే. కెమెరా విలువ తెలిసినవాడూ అతనే. ఇంకొకటి. గుట్ట దిగే దారి ఒక్కటే. ఎక్కి వచ్చే ఇలియాస్‌కు అతను ఎదురుపడి తీరాలి."

వీరభద్రయ్య లేచి తాడిపత్రికి ఫోన్ చేశాడు. ఒకే మాట అడిగాడు. విని, ఫోన్ పెట్టేసి, గోడకు ఆనుకున్నాడు. "వాని దగ్గరే ఉండాదంట."

"వాణ్ని సాగనంపినప్పుడు నాకు తెలీదు," అంది రాజ్యలక్ష్మమ్మ. "కెమెరా పోయిందని సారు అరిసినాక, వాడు భుజాన ఏసుకుపోయిన సంచి గుర్తొచ్చింది. నిన్ననే పోయినాడని నోట్లోంచి వచ్చేసింది. నీ మీద నింద నిలవదులే అనుకున్యా ఇలియాసూ. రెండు దినాలు పోతే సల్లబడతాదనుకున్యా."

నంజుండయ్య తల వంచుకున్నాడు. "నన్ను క్షమించు తమ్ముడూ. కేసు మాట ఎత్తను."

"చూసి కూడా ఎందుకు చెప్పలేదు?" ప్రసాద్ అడిగాడు.

"అమ్మ చెప్తాదనుకున్యా సార్," అన్నాడు ఇలియాస్.

ఎన్నో కేసుల్లో ప్రసాద్ తెలివికి మురిసిపోయిన ఉదయశ్రీ ఈసారి అతని ముఖంలోకి చూడలేకపోయింది.

"అన్నం తిని పో నాయనా," అంది రాజ్యలక్ష్మమ్మ. "నీకిష్టమని బొరుగుల ఉగ్గాని గూడా చేసినా. రోంత తిని పో."

ఇలియాస్ లేచాడు. మూలనున్న తన చేతికర్ర తీసుకుని, గడప అవతల చెప్పులు తొడుక్కున్నాడు. ముగ్గు మీద అడుగు పడకుండా, ఎప్పటిలాగే, పక్కకు తప్పుకుని నడిచాడు. వెనక్కి చూడలేదు.

రాజ్యలక్ష్మమ్మ చీపురు తీసుకుని గడపలో నిలబడింది. గుట్ట మీద అప్పటికే చీకటి పడింది. అతను ఇంకా దారిలో ఉన్నాడో, కనుమరుగయ్యాడో ఆమెకు తెలియలేదు.