డెంగ్ ఏమన్నాడు

మోతీబండ బస్తీలో ఎవరైనా హత్యకు గురైతే ముందు శ్మశానానికి కబురు పెట్టరు. స్వరశాలకు పెడతారు. 2083లో అక్కడ అది మామూలు విషయం. హైదరాబాదు పడమటి అంచున, సర్కారు బడి వెనక, పెద్ద రేకుల హాలు. ముందు గదిలో బెంచీలు, మైకులు. వెనక గదిలో బీరువా అంత యంత్రం. దాన్ని కనిపెట్టిన డాక్టర్ కుముద తన పరిశోధన పత్రాల్లో స్వరప్రతిమ అని రాసింది. బస్తీవాళ్లు గొంతుపెట్టె అన్నారు. కుముద కూడా చివరికి అదే అనసాగింది.

మోతీబండ నల్లవాళ్ల బస్తీ. సూడాన్ నుంచి, సోమాలియా నుంచి, నైజీరియా నుంచి చదువుకోవడానికి వచ్చి, స్వదేశాల్లో యుద్ధాలు తగలబడుతుంటే వెనక్కి పోలేక నిలిచిపోయినవాళ్ల మనుమలు. నిజాం కాలంలో ఆఫ్రికా నుంచి సిపాయిలుగా వచ్చిన సిద్దీల వారసులు కూడా వాళ్లలో కలిశారు. మూడు తరాలు గడిచాయి. పిల్లలు తెలంగాణ తెలుగులోనే తిట్టుకుంటారు, తెలుగులోనే లెక్కలు చేస్తారు. వాళ్ల కిస్రా రొట్టెకూ, పక్క బస్తీ జొన్నరొట్టెకూ పులుపులోనే తేడా. అయినా నగరం వాళ్లను మూడు తరాలుగా విదేశీయులనే అంది. అద్దెకు ఇళ్లు ఇవ్వలేదు, ఆఫీసుల్లో కుర్చీలు ఇవ్వలేదు. డ్రోన్ల యార్డులో సరుకులు దించే పని ఇచ్చింది. ఆ పని కూడా అందరికీ చాలినంత ఇవ్వలేదు. చాలని పని కోసం పైగల్లీవాళ్లు, కిందిగల్లీవాళ్లు కొట్టుకున్నారు. ఒకడు పడితే రెండో రోజుకు అవతల ఇంకొకడు పడేవాడు. పోలీసు వ్యాన్ వచ్చి శవాన్ని ఎత్తుకుపోయేది. నగరానికి అంతకు మించి పట్టలేదు.

ఆపడానికి నడుం కట్టింది బస్తీవాళ్లే. జైనబ్ అనే ఆవిడ, బస్తీకంతా ఖాలా, అంటే పిన్ని, యార్డు కార్మికుల సంఘంలో పనిచేసి, గొంతు పెంచడం, గొంతు నొక్కనివ్వకుండా ఉండటం నేర్చింది. కొడుకు హత్యకు గురయ్యాక ఇల్లిల్లూ తిరిగి మనుషులను కూడగట్టింది. వాళ్లలో సగం మంది ఒకప్పుడు కత్తి పట్టినవాళ్లే. ఎక్కడ రక్తం పడినా అక్కడికి పోయి రెండు పక్షాల నడుమ నిలబడటం వాళ్ల పని. అందుకే నడిమోళ్లు అనే పేరు వచ్చింది. చచ్చినవాడి ఇంటి ముందు కొందరు, చంపినవాడి ఇంటి ముందు కొందరు కూర్చునేవారు. తిట్లు తినేవారు. అప్పుడప్పుడు దెబ్బలు తినేవారు. బతికినవాడి మాట వినేవాడు లేడని జైనబ్‌కు త్వరలోనే అర్థమైంది. చచ్చినవాడి మాటైతే వింటారు. అలా ఆమె కుముద ప్రయోగశాల మెట్లెక్కింది.

స్వరప్రతిమ సూత్రం పెద్దది కాదు. మనిషి తన తలలో ఉన్నంత స్పష్టంగా ఇతరుల తలల్లోనూ ఉంటాడు. అరవై మంది అతని గురించి మాట్లాడితే, ఆ అరవై జ్ఞాపకాల నుంచి న్యూరల్ నెట్‌వర్క్ అతని గొంతునూ, కోపాన్నీ, ఎకసెక్కాన్నీ, ఆలోచన తీరునూ తిరిగి కడుతుంది. ఒక షరతు ఉంది. అరవైలో ఇరవై మంది అతనంటే గిట్టనివాళ్లు కావాలి. కుముద దీన్ని ప్రతికూల నమూనా అంది. అది లేకపోతే పెట్టెలోంచి దేవుడు మాట్లాడతాడు, మనిషి మాట్లాడడు. అందుకని పైగల్లీవాడు పోతే కిందిగల్లీవాళ్లు వచ్చి మైకు ముందు కూర్చోవాలి. అందరూ చెప్పడం అయ్యేసరికి మూడు రోజులు పట్టేది.

తర్వాత కుటుంబం ఒక్కటే వెనక గదిలోకి పోయి, తలుపు వేసుకుని వినేది. ఒక్కసారి మాట్లాడాక పెట్టె ఆ గొంతును తనంతట తానే చెరిపేసేది. చచ్చినవాణ్ణి బజారులో నిలబెట్టకూడదని కుముద పెట్టిన నియమం అది. లోపల ఏం జరిగిందో కుటుంబం బయటికి వచ్చి చెబితేనే తెలుస్తుంది. వచ్చిన ప్రతి కుటుంబమూ ఒకే మాట చెప్పింది. పగ వద్దన్నాడు.

నాలుగేళ్లలో ఒక్క హత్యకు కూడా బదులు హత్య జరగలేదు. తర్వాత హత్యలే అరుదయ్యాయి.

అయినా ఆ మూడు రోజులు జైనబ్‌కు నరకం. "మూడు దినాలు కత్తికి, మెడకు నడుమ కూసుంటున్నం డాక్టరమ్మా. జర తొందరగ అయ్యేటట్టు జెయ్యి," అంది.

కుముద చేసింది. రెండో తరం పెట్టెకు మనుషులు అక్కర్లేదు. చచ్చినవాడి ఫోనులో ఉన్న మాటలన్నీ గంటలో చదువుతుంది. తెలియని చోట పాత ఫలితాలను బట్టి ఖాళీలు నింపుకుంటుంది. పాత గొంతులు చెరిగిపోయాయి కాబట్టి కుముద కుటుంబాలు చెప్పిన మాటలనే ఆధారంగా తీసుకుంది. అన్ని కుటుంబాలూ ఒకటే చెప్పాయి. శాస్త్రజ్ఞులకు ఇంత ఏకాభిప్రాయం దొరికితే సంతోషం వేస్తుంది. అనుమానం రాదు.

కొత్త పెట్టె వచ్చాక పోయిన మొదటి మనిషి డెంగ్. పైగల్లీవాడు, ఇరవై రెండేళ్లు. యార్డులో ఆ పూట పని పాళీ ఎవరిదన్న తగాదాలో కిందిగల్లీ జమీల్ పొడిచాడు. జమీల్‌ను అక్కడికక్కడే పట్టుకుని పోలీసులకు అప్పగించారు. కానీ బస్తీ పాత లెక్క ప్రకారం రక్తం అదే ఇంటి నుంచి రావాలి. ఆ ఇంట్లో మిగిలిన మగవాడు జమీల్ అన్న హారూన్.

డెంగ్‌కు ఉన్నది అక్క రెబెకా ఒక్కతే. యార్డులో క్రేన్ నడుపుతుంది. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది. ఒక మాట అన్నదంటే వెనక్కి తీసుకున్న చరిత్ర ఆమెకు లేదు.

గంటలో కొత్త పెట్టె సిద్ధమైంది. రెబెకా లోపలికి పోయి వెంటనే బయటికి వచ్చింది. కళ్లు పొడిగా ఉన్నాయి.

"ఏమన్నడు బిడ్డా?" అంది జైనబ్.

"వద్దన్నడు."

జైనబ్ ఊపిరి వదిలింది. "మంచిది."

"చెప్పుడు వాని పని ఖాలా. చేసుడు నా పని. మట్టి కాంగనే హారూన్ సంగతి చూస్త."

ఆమె గొంతు పెంచలేదు. అందుకే హాల్లో ఉన్నవాళ్లంతా బిగుసుకుపోయారు. కుముద కొత్త యంత్రం వైపు చూసింది. దానికి ఏ లోపమూ లేదు. చెప్పవలసింది చెప్పింది. వినవలసిన మనిషి విన్నది. ఏమీ మారలేదు.

రెబెకా గడప దాటుతుంటే జైనబ్ అడ్డంగా నిలబడింది. నడిమోళ్లకు తెలిసిన పని అదొక్కటే.

"జరుగు ఖాలా."

"జరుగుత. ఒక్క మాట జెప్పు. ఇది వాని ఫోను విని మాట్లాడింది. ఫోన్‌ల నీతోని ఎట్ల మాట్లాడెటోడు?"

"మంచిగనే."

"యార్డుల?"

యార్డులో డెంగ్ నోటికి క్రేన్లు కూడా పక్కకు తప్పుకుంటాయని అందరికీ తెలుసు.

"మరి లోపల మాట్లాడింది ఫోన్‌ల డెంగ్," అంది జైనబ్. "యార్డుల డెంగ్ ఏమంటడో నీకు ఎర్క లేదు, నాకు ఎర్క లేదు. పాత పెట్టెను అడుగుదాం. మూడు దినాలు ఆగు."

రెబెకా ఆలోచించింది. ఆమె ఏం ఆలోచించిందో కుముదకు ముఖంలోనే కనబడింది. అసలు డెంగ్ చంపమంటాడు. ఆ మాట వాడి నోటనే వినాలి.

"ఆగుత," అంది రెబెకా. "కానీ డాక్టరమ్మ నాతోని లోపల కూసోవాలె. రేపు మళ్ల తప్పు విన్నవని నన్ను అనొద్దు."

డెంగ్‌ను మట్టి చేసి వచ్చి అందరూ హాల్లో చేరారు. నడిమోళ్లు పాత పద్ధతిలో ఇల్లిల్లూ తిరిగారు. పెట్టెకు మనుషులు కావాలని చెప్పారు. జైనబ్ మొదట్లో ఉత్త చేతులతో పిలిస్తే పది మంది రాలేదు. యంత్రం పిలిచిందంటే అంతా వస్తారు. మనిషికి మనిషి మీద ఉన్న గౌరవం అంతే. పైగల్లీవాళ్లు వచ్చారు. గిట్టనివాళ్లు కావాలంటే కిందిగల్లీ కూడా వచ్చింది. వాళ్ల మధ్య నడిమోళ్లు బెంచీ వేసుకుని కూర్చున్నారు. గంజు నిండా చాయ్ కాగింది. ఎవరో బఠాణీలు తెచ్చారు.

రెండో రోజు పొద్దున హారూన్ వచ్చాడు. వెంట భార్య, ముగ్గురు ఆడపిల్లలు. ఇంట్లో ఒంటరిగా ఉంచితే భయమని తెచ్చుకున్నాడు. మైకు ముందు కూర్చుని, రెబెకాను చూడకుండా మాట్లాడాడు.

"డెంగ్ నన్ను బాతు అనెటోడు. నా నడక అట్లుంటదట. యార్డంత గదే పేరు పెట్టిండు. సూపర్‌వైజర్ గూడ హాజరుల బాతు అనే పిలిచిండు ఒకపారి. నాకు వాడంటే మంట. ఇప్పటికీ మంటనే. పోయిండని అబద్ధం జెప్పలేను."

వెనక ఎవరో నవ్వబోయి దగ్గారు.

"మా ఇంట్ల గూడ గదే అనెటోడు," అంది రెబెకా. అక్కడ కూర్చున్నాక ఆమె ఇతరులతో అన్న మొదటి మాట అది. "వంటింట్ల నడిచి చూపెట్టెటోడు."

"ఎట్ల నడిచెటోడు?"

"నువ్వు నడిచినట్టే."

హారూన్ తల వంచుకున్నాడు. "మా జమీల్ చేసింది తప్పు," అన్నాడు. "నేను వాని కోసం వకీలును పెడుత. పెట్టకుంట ఉండలేను. అది గూడ చెప్పాలె గద."

"చెప్పినవ్ గద. లెవ్వు. వెనకోళ్లు ఆగుతున్నరు," అంది రెబెకా.

హారూన్ చిన్న పిల్ల బెంచీ మీద నిద్రపోయింది. కాళ్లు చాపే చోట రెబెకా సంచి అడ్డుగా ఉంటే ఆమె దాన్ని పక్కకు తీసుకుంది. అంతకంటే ఏమీ జరగలేదు.

మూడో రోజు మధ్యాహ్నం రెబెకా, కుముద వెనక గదిలోకి పోయి తలుపు వేసుకున్నారు. నాలుగేళ్లలో గొంతు పలికేటప్పుడు కుముద ఆ గదిలో ఉండటం అదే మొదలు. యంత్రం గుర్రుమంది.

"ఏయ్ క్రేనూ," అంది డెంగ్ గొంతు. "ఏడ్చినవా? నీ మొకానికి ఏడుపు అస్సలు బాగుండదు."

రెబెకా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కొంచెం సేపటికి తీసింది. "డెంగ్, హారూన్‌ను ఏం జెయ్యాలె?"

"అడుగుడేందే? ఏసెయ్. నీ జాగల నేనుంటే ఈపాటికి అయిపోతుండె."

కుముద చెయ్యి స్విచ్ మీదికి పోయింది. ఆమె లెక్కల్లో ఇది లేదు. ఇన్ని కుటుంబాల్లో ఏ ఒక్కటీ ఈ మాట చెప్పలేదు. రెబెకా ఆ చేతిని పట్టుకుని కిందికి దించింది.

"వానికి ముగ్గురు ఆడపిల్లలు," అంది పెట్టెతో.

"ఉంటే?"

"చిన్నది బెంచీ మీద పండుకుంది."

"నీకు నేను తమ్మున్నా, అది బిడ్డనా? పో. ఏసెయ్."

రెబెకా మూడు రోజులు ఈ మాట కోసమే ఆగింది. దొరికింది. ఆమె ముఖంలో కుముదకు కనిపించింది తృప్తి కాదు, అలసట.

"చిన్నప్పటి సంది నీ మాట ఇని నేను బాగుపడ్డది ఎన్నడన్న ఉన్నదారా?" అంది.

"లేదు."

"మరి?"

పెట్టె నవ్వింది. డెంగ్ నవ్వే అది. "పోవా?"

"పోను."

యంత్రం ఆగింది. దీపం ఆరింది. గొంతు చెరిగిపోయింది. రెబెకా గోడకు ఆనుకుని గట్టిగా ఏడ్చింది. తర్వాత ముఖం తుడుచుకుని తలుపు తీసింది.

హాలంతా లేచి నిలబడి ఉంది. హారూన్ భార్య పిల్లలను వెనక్కి తోసి ముందు నిలబడింది.

"ఏమన్నడు?" అని ఎవరో అడిగారు.

"వద్దన్నడు," అంది రెబెకా. కుముద వైపు ఒక్కసారి చూసింది. "ఆ ఇంటి మీద చెయ్యి ఎత్తొద్దన్నడు. ఎత్తినోడు నాకు జవాబు చెప్పాలె."

హారూన్ చిన్న పిల్లను ఎత్తుకున్నాడు. పైగల్లీ కుర్రాళ్లు ఒకరినొకరు చూసుకుని, జేబుల్లోంచి చేతులు బయటికి తీశారు. తండ్రిని పోగొట్టుకున్న ఒబీ అనే హమాలీ గోడ పక్క నుంచి, "మా నాయన గూడ వద్దనే అన్నడు," అన్నాడు. అంటూ కళ్లు నేల మీదనే ఉంచాడు. అతని పక్కన ఉన్న ముసలమ్మ, "మా పెద్దోడు గూడ," అని, కొంగు సర్దుకుంటూ అటు తిరిగింది.

కుముద వాళ్లను చూస్తూ నిలబడింది. నాలుగేళ్లుగా తన యంత్రం బస్తీకి శాంతి తెచ్చిందని దేశదేశాల్లో ఉపన్యాసాలు ఇచ్చింది. ఆ వేదికలన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. జైనబ్‌ను చేయి పట్టుకుని బయటికి తీసుకుపోయింది.

"ఖాలా, లోపల డెంగ్ చంపమన్నాడు."

జైనబ్ ఉలిక్కిపడలేదు. యార్డు మీద తిరిగే డ్రోన్లను చూసింది.

"నా కొడుకు గూడ గట్లనే అన్నడు," అంది. "పెట్టెల మొదటి గొంతు వానిదే గద. గట్ల అడిగినోడు నా కొడుకు ఒక్కడే అనుకున్న. సిగ్గయింది. ఎవరికీ చెప్పలే. బయటికి వచ్చి వద్దన్నడని చెప్పిన."

"మీ తర్వాత వచ్చినవాళ్లు?"

"ఇగ వాళ్లను అడగకు డాక్టరమ్మా." హాలు వైపు తిరిగింది. లోపల రెండు గల్లీలవాళ్లూ కలిసి గిన్నెలు కడుగుతున్న చప్పుడు. "నీ కొత్త పెట్టెను ఏం జేద్దాం?"

"పాడైందని చెబుతాను."

"అబద్ధం గద."

"ఇక్కడ అందరూ చెప్పినంత అబద్ధమే," అంది కుముద, కొత్త యంత్రం ప్లగ్గు పీకడానికి లోపలికి నడుస్తూ.