సాక్షి గొంతు

"ఓయ్ బద్ధకం! పలకవేం? నేనే!"

అమీర్‌పేట ఇరానీ హోటల్లో కేదార్ ఫోన్ ఇలా అరిచేసరికి పక్క టేబుల్ దగ్గరి అమ్మాయి ఛాయ్ కప్పు ఠక్కున సాసర్లో పెట్టింది.

"బంద్ చెయ్ దాన్ని."

"ఏంటండీ?"

"గా ఫోన్. బంద్ చెయ్ అంటున్న."

"రింగ్‌టోనండీ ఇది. ఊరంతా ఇదే పెట్టుకుంటున్నారు. నచ్చకపోతే మీరు చెవులు మూసుకోండి."

బయట వాన దంచుతోంది. జావా, ఒరాకిల్ కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద పిల్లలు ఫైళ్లు నెత్తిన పెట్టుకుని పరుగులు తీస్తున్నారు. ఆ వానే లేకపోతే అమ్మాయి అప్పుడే లేచిపోయేది, మనకు ఈ కథా ఉండేది కాదు.

ఆమె గొంతు సవరించుకుని, సూటిగా అతని మొహంలోకి చూసి అంది. "ఓయ్ బద్ధకం! పలకవేం? నేనే!"

కేదార్ గబుక్కున ఫోన్ తీసి చూశాడు. అది మోగడం లేదు.

"మీరు మిమిక్రీ చేస్తారా?"

"నేను చేస్తలేను. నీ ఫోన్ చేస్తున్నది. బొంబాయి హీరోయిన్‌కు నేను చెప్పిన డబ్బింగ్ అది. సినిమా కోసం చెప్పిన, నీ జేబు కోసం కాదు."

ఇంకా ఏదో అనబోయి దగ్గింది. ఆ దగ్గు ఒక పట్టాన ఆగలేదు. కేదార్ తన నీళ్ల గ్లాసు ఆమె ముందుకు జరిపాడు. ఆమె తాగింది గానీ థాంక్స్ చెప్పలేదు.

ఆమె పేరు నిరోష. తండ్రి సిద్ధిరాములు సిరిసిల్లలో మగ్గం వదిలేసి వచ్చి, బల్కంపేట దారిలో టైలర్ షాపు పెట్టుకున్నాడు. ఈ వివరాలు రాబట్టడానికి కేదార్‌కి చాలా ఛాయ్‌లు ఖర్చయ్యాయి. ఆ వానాకాలమంతా ఏదో ఒక వంక పెట్టుకుని అదే హోటల్‌కి వచ్చేవాడు. ఆమె వచ్చేసరికి ఫోన్ సైలెంట్‌లో పెట్టేసేవాడు.

"నువ్వు ఊకె మాట్లాడుతనే ఉంటవా?" అందొకసారి.

"వకీలునండీ. మాట్లాడకపోతే అన్నం పుట్టదు."

"మరి మాట్లాడితే నాకు పుడతలేదు అన్నం" అని నవ్వింది. నవ్వు మధ్యలో మళ్లీ దగ్గు.

నవ్వినప్పుడల్లా ఆమె కళ్లు చిన్నవైపోయేవి. కేదార్‌కి ప్రేమ పుట్టింది ఎప్పుడంటే, అప్పుడే. దగ్గు సంగతి ఏ రోజూ అడగలేదు, వెధవ.

కేదార్ పని చేసేది పంజాగుట్టలో బారిస్టర్ రామ్మోహనరావు గారి దగ్గర. సినిమా హక్కులు, కాపీరైట్, ట్రేడ్‌మార్క్ కేసులకు ఊళ్లో పెద్ద పేరున్న ఛాంబర్. ఒక రోజు కొత్త ఫైలొకటి అతని బల్ల మీదికొచ్చింది. మన క్లయింటు రింగ్‌టోన్ల కంపెనీ. తన గొంతు వాడుకున్నారని ఒక డబ్బింగ్ ఆర్టిస్ట్ కేసు వేసింది. ఆ గొంతు ఆమెది కాదు, తమ ఆఫీసులో అమ్మాయిదని కంపెనీ జవాబు. కేసు వేసింది నిరోష, తండ్రి పేరు సిద్ధిరాములు.

ఆ సాయంత్రమే ఆమెకు చెప్పేశాడు. దాచడం అతని వల్ల కాలేదు.

"అంటే గిన్ని రోజులు ఛాయ్ తాపిచ్చి కేసు సంగతులు గుంజినవా?"

"ఒట్టు. నాకు ఇవాళే తెలిసింది."

"నడువ్ ఇక్కడ్నుంచి." అలా అని, తనే లేచి వానలోకి వెళ్లిపోయింది.

తర్వాత ఆమె కబురు తెలిసింది కోర్టు కాగితం చూశాకే. నిరోష గొంతులో కణితి. సోమాజిగూడ ఆస్పత్రిలో చేర్చారు. గురువారం ఆపరేషన్‌లో స్వరపేటిక మొత్తం తీసేస్తారు. అందుకని ముందే ఆస్పత్రికి వెళ్లి సాక్ష్యం తీసుకోమని కోర్టు ఒక లాయర్‌ను కమిషనర్‌గా వేసింది. ఆ కాగితం చదివి కేదార్ చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాడు.

బుధవారం పొద్దున బారిస్టర్ గారు పిలిచారు.

"ఏవయ్యా కేదార్, ఆస్పత్రికి నువ్వెళ్లు. ప్రశ్నలేమీ వద్దు. పాపం ఆడపిల్ల, జబ్బు మనిషి. 'అడిగేదేమీ లేదు' అని రాయించేసి వచ్చెయ్."

కేదార్‌కి ఆయన కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది.

ఆస్పత్రి గదిలో కమిషనర్ విజయరాణి గారు మంచం పక్కన టేప్ రికార్డర్ పెట్టుకుని కూర్చున్నారు. నిరోష వకీలు భానుచందర్, తండ్రి సిద్ధిరాములు గోడవారన నిలబడ్డారు. నిరోష చిక్కిపోయింది. కేదార్‌ని చూసి మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

"సాక్షి చెప్పాల్సిందంతా అఫిడవిట్‌గా దాఖలైంది. ఇక మీరు ప్రశ్నలు అడగొచ్చు" అన్నారు కమిషనర్.

"అడిగేదేమీ లేదు మేడమ్" అన్నాడు కేదార్ ఎంతో దయగా.

భానుచందర్ తల పట్టుకున్నాడు. నిరోష గిరుక్కున ఇటు తిరిగింది.

"గంతేనా?"

"మీరు కష్టపడి మాట్లాడకూడదని..."

"మంచోనివే!" ఆమె గొంతు బొంగురుపోయింది. "గా అఫిడవిట్ రాసింది మా వకీల్ సాబ్. నేను నోరు తెరిచేది నువ్వు అడిగితేనే. టేప్ తిరిగేది సుత అప్పుడే. నేను ఇంట్ల రికార్డ్ చేసుకుంటే దొంగ టేపంటరు. సినిమాల నా పేరెయ్యరు. రేపు పొద్దుగాల గొంతు తీసేస్తరు. ఇయ్యాల నువ్వడుగకుంటే, నాకో గొంతుండెనని ఎవడు నమ్ముతడు?"

సిద్ధిరాములు కండువాతో కళ్లొత్తుకున్నాడు. బారిస్టర్ గారి జాలి ఏమిటో కేదార్‌కి అప్పుడు అర్థమైంది. ఒళ్లంతా మండిపోయింది. ఒక్క నిమిషం అడిగి వరండాలోకి వెళ్లి ఫోన్ చేశాడు.

"సార్, ప్రశ్నలు వద్దంది ఆమె గొంతు రికార్డులోకి రాకూడదనా?"

"ఇంతసేపు పట్టిందా నీకు? కాగితానికి గొంతుండదయ్యా. కేసు అక్కడితో సరి."

"ఆ గొంతు ఆమెది కాదని మన జవాబులో రాశాం కదండీ. నిజంగా కాకపోతే, అడిగితే మనకే లాభం కదా?"

బారిస్టర్ గారి గొంతు కటువైంది.

"అడిగావంటే మళ్లీ నా ఛాంబర్ మెట్లెక్కకు."

"అలాగేనండీ" అన్నాడు కేదార్. ఉద్యోగం పోయిందని ఇంట్లో నాన్నకి ఎలా చెప్పాలన్నది కూడా తట్టలేదు.

లోపలికొచ్చి కుర్చీ మంచం దగ్గరికి లాక్కున్నాడు. విజయరాణి గారు బటన్ నొక్కారు.

"వివాదంలో ఉన్న మాట ఒకసారి అనండి."

"ఓయ్ బద్ధకం! పలకవేం? నేనే!"

కొంచెం బీటలు వారింది గానీ, అదే గొంతు. తలుపు దగ్గరి నర్సు ఉలిక్కిపడింది. భానుచందర్ ఊపిరి వదిలాడు. అక్కడితో ఆపొచ్చు. కేదార్ ఆపలేదు.

"సినిమాల్లో మీరు మాట్లాడేది ఎవరి యాస?"

"కృష్ణా గుంటూరు యాస. బొంబాయి పిల్లలకు అదే పెట్టాలె."

"మీ సొంత యాసలో ఎప్పుడైనా రికార్డ్ చేశారా?"

"లే. నా మాట ఎవ్వరడిగిండ్రు?"

"నేనడుగుతున్నాను. మీ ఇష్టం వచ్చింది చెప్పండి."

"ఇది కేసుకెందుకండీ?" అన్నారు కమిషనర్.

"గొంతు పోల్చాలంటే అన్ని రకాల మాటలూ ఉండాలి మేడమ్."

విజయరాణి గారు అతని వంక చూశారు, మంచం వంక చూశారు. "కానివ్వండి" అన్నారు.

నిరోష చెప్పింది. సిరిసిల్లలో రాత్రంతా వినిపించే మగ్గాల చప్పుడు, చిన్నప్పుడే పోయిన అమ్మ, మైకు ముందు మొదటిసారి నిలబడ్డ రోజు. మధ్యలో దగ్గు. రుమాల్లో నెత్తురు పడింది. నర్సు చాలంటే, నిరోష చెయ్యి అడ్డం పెట్టింది. "బాపూ, నువ్వు బుగులు పడకు. ఆపరేషన్ కాంగనే లేసి కూసుంట" అంది. సిద్ధిరాములు మొహం గోడకు తిప్పేసుకున్నాడు.

"ఇక ప్రశ్నల్లేవు" అన్నాడు కేదార్. ఆ మాట అనడం అతనికి ప్రాణం పోయినంత పనైంది.

"జర ఆగుండ్రి, టేప్ బంద్ చెయ్యకుండ్రి. నేనొకటి అడగాలె."

"సాక్షి అడగకూడదమ్మా."

నిరోష వింటేగా. "వకీల్ సాబ్, రేపటి సంది నాకు మాటుండదు. నీకేమో నోరాగదు. ఇద్దరి మాటా నువ్వొక్కనివే మాట్లాడుతవా, బతుకంతా?"

కేదార్ గబగబా తల ఊపాడు.

"సమాధానం నోటితో చెప్పాలి" అన్నారు విజయరాణి గారు. "తల ఊపితే టేపు మీదికి రాదు."

"మాట్లాడతాను" అన్నాడు.

ఆ టేపు కోర్టులో వినిపించాక కంపెనీ రాజీకొచ్చింది. ఆ గొంతు నిరోషదేనని ఉత్తర్వులో రాశారు. డౌన్‌లోడ్లు ఆపేశారు. ఆ రింగ్‌టోన్ నెమ్మదిగా ఊళ్లో ఫోన్లన్నిట్లోంచీ మాయమైంది. ఆమె గెలిచింది, అయినా కేదార్‌కి సంతోషం కలగలేదు.

ఉత్తర్వు పట్టుకుని టైలర్ షాపుకి వెళ్లాడు. నిరోష మెడకు స్కార్ఫ్ కట్టుకుని బొత్తాలు కుడుతోంది. మొత్తం చదివి వినిపించాడు. సిద్ధిరాములు మిషన్ ఆపి, ఆమె పేరున్న ముక్క మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాడు.

నిరోష తలెత్తి చప్పుడు లేకుండా పెదాలు కదిపింది.

"బిడ్డ ఏమంటున్నది సారూ?"

ఆమె అన్నది, ఛాయ్ తెప్పించమని.

"పెళ్లెప్పుడని అడుగుతోందండీ" అన్నాడు కేదార్.

నిరోష చేతిలోని సూది ఆగింది. అతని వంక ఉరిమి చూసింది. సిద్ధిరాములు కళ్లద్దాలు పైకి జరిపి కూతురి మొహం చూశాడు.

"నిజమేనా బిడ్డా?"

తల అడ్డంగా ఊపితే సరిపోయేది. ఆమె ఊపలేదు.