ముక్కుల పెరిగిన మాంసం

ఆదివారం పొద్దున ఎల్లేష్ జడ్చర్ల బజారు నుంచి కోడిమాంసం తెచ్చేసరికి, తల్లి గుర్వమ్మ గడపకు అడ్డంగా కూర్చుని ఉంది.

"గా సంచి అవతల వెట్టు కొడుకా. ఇంట్ల మాంసం బంద్."

"ఎందుకే అమ్మా?"

"పోరికి ముక్కుల మాంసం పెరిగిందని దవాఖానల చెప్పిన్రా లేదా? తింటెనే గద పెరిగేది."

వంటింట్లో కోడలు ప్రవళికకు నవ్వు ఆగలేదు. "గది కూర మాంసం కాదు అత్తమ్మా. ముక్కు ఎనక ఉండే గడ్డ. అడినాయిడ్ అంటరు. ఆపరేషన్ చేసి తీస్తరట."

ఆ నవ్వుకు గుర్వమ్మకు మండింది. ఐదేళ్ల మనవరాలు సుమన నోరు తెరుచుకుని పడుకుంటుంది, గురక పెడుతుంది. అంతమాత్రానికే కత్తా?

"మా ఇంట్ల అందరం గురక వెట్టినోళ్లమే. నేను బతికుండంగ పిల్ల మీద కత్తి వడనియ్య."

"మరి నిద్రల ఊపిరాడక ఉలిక్కిపడి లేస్తాంటె సూసుకుంట కూసోవాల్నా?" ప్రవళిక గడప దాకా వచ్చింది.

భార్యకూ తల్లికీ మధ్య సంచితో నిలబడ్డ ఎల్లేష్ నెమ్మదిగా అన్నాడు. "రేపు నువ్వే వచ్చి డాక్టరమ్మను అడుగు, అమ్మా."

మర్నాడు గుర్వమ్మ కోడలు, మనవరాలితో కలిసి కొట్లాటకు సిద్ధపడే దవాఖానకు వెళ్లింది. డాక్టరమ్మ మాత్రం ఓపికగా చెప్పింది.

"ఆ గడ్డ చిన్నపిల్లలకు కాపలా చౌకీ లాంటిది అవ్వా. రోగాలతో కొట్లాడే కణాలు అక్కడ పని నేర్చుకుంటాయి. వయసు పెరిగేకొద్దీ వాటి తీరు మారుతుంది, పాత రోగాలను గుర్తుపట్టేవి ఎక్కువవుతాయి. గడ్డ కూడా మెల్లగా చిన్నదవుతుంది."

"ఇన్నవా కోడలా? దానంతటదే తగ్గుతదట. మరి కోసుడెందుకు డాక్టరమ్మా? చౌకీ కూలగొడితే దొంగలు రారా?"

"ఒంట్లో వేరే చౌకీలు చాలా ఉన్నాయి. చాలామంది పిల్లలకు ఆగమనే చెప్తాం. సుమనకు నిద్రలో ఊపిరి ఆగుతోంది, పైగా ఆ గడ్డ అడ్డుపడి చెవుల్లో నీరు చేరింది. మీరే వెనక నుంచి మెల్లగా పిలిచి చూడండి."

సుమన కిటికీ దగ్గర నిలబడి బస్సులు చూస్తోంది.

"సుమనా."

పిల్ల కదల్లేదు. గుర్వమ్మ మళ్లీ పిలిచింది. ఇంట్లో అయితే ఈపాటికి 'పొగరుబోతు పోరి' అని తిట్టేది. ఇప్పుడు మాత్రం లేచి వెళ్లి పిల్ల ముందు కూర్చుంది.

"ఇంట్ల నేను పిలిస్తె ఎందుకు పలుకవు బిడ్డా?"

సుమన అవ్వ పెదవులకేసి చూసింది. "నువ్వు పిలుస్తవా అవ్వా? నీ నోరు కదుల్తాంటె ఆకు వక్క నములుతున్నవనుకుంట."

గుర్వమ్మకు నవ్వొచ్చింది. వెనకే ఏడుపూ వచ్చింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"జర జల్ది చెయ్యుండ్రి డాక్టరమ్మా."

ప్రవళిక వచ్చి అత్త భుజం మీద చెయ్యి వేసింది. గుర్వమ్మ ఆ చేతిని గట్టిగా పట్టుకుంది.

"ఒక్కటి మాత్రం మంచిగయింది కోడలా," అంది, ముక్కు ఎగబీలుస్తూ. "నేను తిట్టిన తిట్లు ఒక్కటి గూడ దీనికి ఇనబడలే."